విరిగిన పురుగుల పళ్లెం

జంతుశాస్త్రం మాస్టారికి తోటివాళ్లు పెట్టిన పేరు మొండిఘటం. పరిసరాలకు తగిన జీవులే మిగులుతాయని లోకమంతా అంటుంటే, పెంకుపురుగుల మచ్చలు వాటి లోపలి క్రమం ప్రకారమే మారతాయని ఆయన వాదించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "విరిగిన పురుగులు లెక్కలోకి రావు కదా! మీ సిద్ధాంతానికి అడ్డొచ్చినవన్నీ విరిగినవాటి పళ్లెంలో పడేస్తున్నారు మీరు," అని పెద్దలందరినీ నిండు సభలో కడిగేశాడు. ఇంకేముంది, కాలేజీలో గది పోయింది, శిష్యులు మొహం చాటేశారు. పురుగుల పెట్టెలన్నీ ఇంటి వరండాకు చేరాయి. చచ్చిన పురుగులకు సూదులు గుచ్చి పెట్టెల్లో నిలబెట్టే పని భార్య నెత్తిన పడింది.

ఆ సాయంత్రం ఆయన తన ఆఖరి పుస్తకం కోసం పురుగుల్ని వేరుచేస్తున్నాడు. ఆయన చెప్పిన క్రమానికి పూర్తిగా ఎదురు తిరిగిన మచ్చలతో ఒకటి చేతికొచ్చింది. విసుగ్గా దాన్ని విరిగినవాటి పళ్లెంలోకి జార్చాడు.

భార్య దాన్ని తీసి భూతద్దం కింద అటూ ఇటూ తిప్పింది.

"ఏమండీ, దీనికి కాళ్లన్నీ ఉన్నాయి. రెక్కలూ బాగానే ఉన్నాయి."

"మీసం విరిగిందేమో చూడు," అన్నాడాయన తలెత్తకుండా.

"చూశాను, విరగలేదు. ఈ పళ్లెంలో మిగతావి కూడా చూడనా?"

ఆయన గబుక్కున పళ్లెం మీద అరచెయ్యి కప్పేశాడు.