దవడ ఎలా విరిగింది?

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, వేసవి బదిలీల్లో, నన్ను రాజోలు వైపు ఒక ప్రభుత్వాసుపత్రికి దంతవైద్యురాలిగా వేశారు. పళ్లు తీయడంతో పాటు విరిగిన దవడలు కట్టడమూ నా పనే. పై పళ్లనూ కింది పళ్లనూ సన్నని తీగతో కలిపి బిగించి, నెల పైచిలుకు గంజి, పాలతో ఉంచుతాం. ఈలోగా ఎముక అతుక్కుంటుంది.

ప్రతి కేసుకూ రిజిస్టరులో కారణం రాయాలి. అమలాపురంలో పనిచేసినప్పుడు ఆ గడిలో ఎక్కువగా మోటారు సైకిలే ఉండేది. కొత్తపేట వైపు నుంచి కొబ్బరి చెట్టు మీంచి పడ్డవాళ్లు వచ్చేవారు. ఇక్కడ మాత్రం చేపల చెరువుల మీద పనిచేసే మగవాళ్లు బాత్రూంలో జారిపడ్డామనేవారు. ఒకే ప్రాంతంలో ఇన్ని బాత్రూములు ఎందుకు జారుతున్నాయో నాకు అంతుపట్టలేదు.

అలా వచ్చిన మూడోవాడు సత్తిబాబు. నలభై దాటిన మనిషి, చెరువులకు నీళ్లు తోడే డీజిలు ఇంజన్లు నడుపుతాడు. గడ్డం నేలకు తగిలేలా పడితే దాని కింద చర్మం చిట్లుతుంది, ఎముక చాలాసార్లు చెవి దగ్గర విరుగుతుంది. ఇతనికి గడ్డం కింద గీత కూడా లేదు. ఎక్స్‌రేలో చూస్తే, పక్క నుంచి దెబ్బ తగిలినట్టు కోరపంటి కింద విరిగింది.

ఎవరో కొట్టారనుకున్నాను. అలాంటి అనుమానం ఉంటే పోలీసులకు తెలియజేయాలి. ఆ మాట చెప్పగానే అతని భార్య మంగ బెదిరిపోయింది. వారం కిందటే ఆమె తమ్ముడికీ సత్తిబాబుకీ చెరువు గట్టు విషయంలో మాటామాటా పెరిగిందట. పోలీసులు వస్తే ముందు ఆ తమ్ముణ్ణే పట్టుకుంటారు.

"మా తమ్ముడు ముట్టుకోలేదండి డాక్టరమ్మగారూ! ఇంజను హేండిలు తన్నేసిందండి," అంది.

సత్తిబాబు ఆమె వైపు కోపంగా చూశాడు. దవడ చేత్తో పట్టుకుని, "ఆయ్, అదేనండి. ఇరవయ్యేళ్ల నుంచి తిప్పుతున్నానండి. నన్నే తన్నిందంటే ఇంకెవరు పనికి పిలుస్తారండి?" అన్నాడు.

ఆ సాయంత్రమే చెరువు దగ్గరికి వెళ్లి ఇంజను చూశాను. దాన్ని స్టార్టు చేయడానికి ఇరుసుకు హేండిలు తగిలించి తిప్పుతారు, ఇంజను అందుకోగానే ఆ హేండిలు ఊడి చేతికి రావాలి. మంగ తమ్ముడు రెండు చేతులా లాగితే గానీ అది ఊడలేదు. అరిగిపోయి ఇరుసుకే పట్టేస్తోంది. దాంతోపాటు గిర్రున తిరుగుతుంది. వంగి తిప్పే మనిషి ముఖం సరిగ్గా దాని ఎదురుగా ఉంటుంది. కారణం గడిలో 'ఇంజను హేండిలు' అని రాశాను. అంతకు ముందు వచ్చిన ఇద్దరికీ ఫోన్ చేసి అడిగితే, వాళ్లవీ హేండిలు దెబ్బలే.

సత్తిబాబు దవడ అతికింది. హేండిలు కొత్తది వేయించుకున్నాడు. కొన్ని నెలలకు ఇంకొకాయన్ని తానే వెంటబెట్టుకొచ్చి, "ఈయన్నీ హేండిలే తన్నిందండి. బాత్రూమని రాసేయకండి," అన్నాడు.

అప్పటి నుంచి 'ఎలా పడ్డారు?' అని అడగడం మానేశాను. దెబ్బ తగిలినప్పుడు ఏ పనిలో ఉన్నారని అడిగేదాన్ని. ఏ ఊరివాళ్ల దవడలు ఎందువల్ల విరుగుతాయో రిజిస్టరు చెబుతుందనుకునేదాన్ని. మనం అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబునే అది చెబుతుంది. ఆ చెరువుల మీద ఇంజన్లు ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నాయి. పాత రిజిస్టర్లన్నీ తిరగేసినా ఒక్క హేండిలూ కనబడలేదు.