మావయ్యగారు కొలిచిన బాయిలరు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఇల్లు కొన్నవాడికి ఇంటి సంగతులన్నీ వాటంతటవే తెలిసిపోతాయని. ఈ చలిదేశంలో పిస్కాటవే అనే ఊరి దగ్గర ఒక పాత ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో ఏనుగు పిల్లంత గ్యాస్ బాయిలరు ఉండేది. అది నీళ్లు కాచి పైపుల్లోంచి ప్రతి గదిలోని ఇనుప రేడియేటరుకీ పంపుతుంది, ఆ ఇనుము వేడెక్కి గది వెచ్చబడుతుంది. నా పరిజ్ఞానం అంతవరకే. చలి మొదలవగానే గోడ మీది థర్మోస్టాట్ పెంచేవాణ్ణి, కింద అది 'హుం' అనేది, దాంతో గృహస్థుగా నా బాధ్యత తీరిపోయేది. ఒక జనవరిలో ఆ 'హుం' ఆగిపోయింది. ఆగడానికి అది చూసుకున్న ముహూర్తం ఎలాంటిదంటే, మా ఆవిడ ప్రసవించి ఆస్పత్రిలో ఉంది, రేపు మధ్యాహ్నం తల్లినీ పిల్లనీ ఇంటికి పంపేస్తామని నర్సు అప్పుడే చెప్పింది.

కానుపుకని అత్తగారూ మావయ్యగారూ ముందే వచ్చి ఉన్నారు. అత్తగారు ఆస్పత్రిలో కూతురి దగ్గర, మావయ్యగారు ఇంట్లో నా దగ్గర. ఆయన చక్కెర ఫ్యాక్టరీ బాయిలరు సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. (వాళ్లింట్లో ఫ్యాక్టరీ కూత వినపడితేనే అన్నం వడ్డించేవారట. గడియారాన్ని ఆయన ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు.) మా బాయిలరును మొదటిసారి చూసి, "ఇదాండీ! మా క్యాంటీన్‌లో టీ కాచేది ఇంతుండేదండీ" అన్నారు. అయినా ఊరుకోలేదు. మర్నాటి నుంచే బేస్‌మెంట్‌లోని పైపులన్నిటికీ పాత దుప్పట్లు చింపి చుట్టడం మొదలుపెట్టారు. "వేడి పైపు ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండకూడదండీ అల్లుడుగారూ. దారిలో వేడి పోగొట్టుకోవడమంత పాపం ఇంకోటి లేదండీ" అనేవారు. పెద్దాయనకి కాలక్షేపం దొరికిందని నేను సంతోషించాను.

బాయిలరు పోయిన పూట ఎందరికో ఫోన్ చేస్తే చివరికి ఒకాయన వచ్చాడు. పాతది ఇక లేవదన్నాడు. కొత్తదాని సైజు చెప్పవయ్యా అంటే పాతదాని వంక కూడా చూడకుండా, టేపు తీసుకుని గదులూ కిటికీలూ కొలుస్తూ తిరిగాడు, అటకెక్కి చూశాడు. మావయ్యగారు శాలువా కప్పుకుని ఆయన వెనకే తిరిగారు. "సార్, హౌ మెనీ టన్స్ పర్ అవర్?" అని, గంటకి ఎన్ని టన్నుల ఆవిరి ఇస్తుందని ఫ్యాక్టరీ లెక్కలో అడిగారు. ఆయన పాపం బయట కురిసే మంచు గురించి అనుకుని, ఈ ఏడు కాస్త ఎక్కువేనన్నాడు. కొలతలయ్యాక, పాతదాంట్లో సగం ఉంటే చాలని తేల్చాడు. ఇల్లు కట్టిన రోజుల్లో కిటికీలకి ఒంటి అద్దాలు, అటక ఖాళీ. ఇప్పుడు రెండేసి అద్దాలు, అటక నిండా వేడి బయటికి పోనివ్వని ఇన్సులేషన్. బాగా చలి ఉన్న రోజున ఇంట్లోంచి బయటికి ఎంత వేడి పోతుందో అంత ఇచ్చే బాయిలరు సరిపోతుంది. మరీ పెద్దది పెడితే మాటిమాటికీ వెలిగి ఆరుతూ తొందరగా పాడవుతుంది. నాకు సబబుగానే తోచింది.

మావయ్యగారికి తోచలేదు. "ఇంట్లో మనుషులు పెరుగుతుంటే బాయిలరు తగ్గుతుందాండీ ఎక్కడైనా! పిల్లలకి గౌను కొన్నా ఒక సైజు పెద్దదే కొంటాం కదండీ. పసిగుడ్డు వస్తోందండీ ఇంటికి!" అన్నారు. పన్నెండు లోపు ఆర్డరివ్వకపోతే ఈ వారం పని కాదని టేపు ఆయన వాచీ చూసుకుంటున్నాడు. హాల్లో మాట్లాడితే మా ముగ్గురి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది. తెగువ గల మగవాడిగా నేను వెంటనే మా ఆవిడకి ఫోన్ చేశాను.

"ఏవండీ, పోరుపెట్టి ఆ కిటికీలు మార్పించింది ఎవరు? చిన్నదే పెట్టమనండి."

"మరి మీ నాన్నగారు..."

"నాన్నకి నేను చెప్తాను, ఫోన్ ఆయనకివ్వండి."

ఆయన విన్నారు. "సరేనమ్మా" అని ఫోన్ నా చేతికిచ్చి, కిటికీ దగ్గరికెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డారు. కోపమైతే బాగుండేది. ఆ ముఖంలో ఉన్నది భయం.

మర్నాడు తల్లీ పిల్లా వచ్చే వేళకి కొత్త బాయిలరు పనిచేస్తోంది. 'హుం' అనదు, చప్పుడే లేదు. దాంతో నాకు అనుమానం. కింద హాలు వెచ్చగా ఉంది, హమ్మయ్య అనుకున్నాను. మేడ మీద, పిల్ల కోసం సిద్ధం చేసిన గదిలో అడుగుపెట్టాను. గది గడ్డకట్టుకుపోయి ఉంది. థర్మోస్టాట్ ఇంకా పెంచాను. కింద చెమటలు పడుతున్నాయి గానీ పైన మార్పు లేదు. ఇల్లంతా పాకిన వేడి, ఆ గదిలోకి మాత్రం రానంటోంది. అత్తగారు ఇంట్లోని శాలువాలన్నీ పిల్లకి చుట్టేశారు. "కాళ్లు చల్లబడుతున్నాయండీ" అని మా ఆవిడ నా వంక చూసింది. టేపు ఆయనకి ఫోన్ చేస్తే మెసేజ్ పెట్టమంటోంది. భార్య మాట, మామ మాట, టేపు మాట ఓపిగ్గా విని, సొంత బుర్రని ఒక్క మాటా అడగనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"పైకి తొయ్యడానికి దానికి బలం చాలట్లేదండీ. నేను ముందే మనవి చేశాను" అన్నారు మావయ్యగారు గుమ్మంలోంచి. గెలిచిన మనిషి గొంతులా లేదది. "పిల్లనెత్తుకోండి, మళ్లీ ఆస్పత్రికే పోదాం" అంటూనే, ఏళ్ల తరబడి చేసిన పని ఊరుకోనివ్వక కాబోలు, మోకాళ్ల మీద కూర్చుని నేలలోంచి పైకొచ్చే పైపు మీద చెయ్యి వేశారు. వేసి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నారు.

"కాలుతోందండీ!"

అంటే వేడి ఇక్కడి దాకా వచ్చింది. వచ్చి ఎటు పోయింది? నేను కిటికీ పరదా జరిపాను. దాని వెనక రేడియేటరు ఉండాలి. అక్కడ బొంతలో నిండా చుట్టి, తాళ్లతో చక్కెర బస్తాకి వేసినట్టు బిగించిన మూట ఉంది. ఆ ముళ్లు వేయగలిగినవారు మా ఇంట్లో ఒక్కరే.

"పిల్ల గది కదండీ," అన్నారు మావయ్యగారు ఆ మూట వంకే చూస్తూ, "కింద పైపులన్నీ అయ్యాక దీనికి మాత్రం బాగా చుట్టాలనుకున్నాను. వేడి పోకూడదని."

వేడిని పోనివ్వకుండా కాపాడటమే జీవితమంతా చేసిన మనిషి. పోనివ్వడానికే పెట్టిన ఇనుము ఒకటుంటుందని ఆయనకెవరు చెప్పారు? మొదట మా ఆవిడ నవ్వింది. తర్వాత అందరం. "నాన్నా, నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి" అని కళ్లు తుడుచుకుంది. ఆయన ఒక్కో ముడీ విప్పి, బొంత తీసేసి, గది వెచ్చబడే దాకా అక్కడే కూర్చున్నారు. తర్వాత మనవరాలి పాదాన్ని గుప్పిట్లోకి తీసుకుని, "వచ్చింది" అన్నారు. 

ఆ బాయిలరు కూడా ఈ చలికాలంలో రిటైరైంది. టేపు బదులు లేజరు పట్టుకుని కుర్రాడొకడు వచ్చాడు. ఈ మధ్య గోడల్లో కూడా ఇన్సులేషన్ వేయించాం కనుక ఇంకొక సైజు తగ్గించొచ్చన్నాడు. "ఇంకా చిన్నదా? ఇంట్లో పిల్ల ఉంది!" అని ఎవరో గట్టిగా అన్నారు. చూస్తే నేనే. కుర్రాడు పసిపిల్ల కోసం అటూ ఇటూ చూశాడు. కాలేజీ సెలవులకి వచ్చిన పిల్ల, నాకంటే పొడుగు, అంత చలిలో నిక్కరు వేసుకుని ఐస్‌క్రీమ్ తింటూ, "నాన్నా, యూ సౌండ్ జస్ట్ లైక్ తాతయ్య" అంది. ఆ తాతయ్య మమ్మల్ని విడిచి చాలా ఏళ్లయింది.

చిన్నదే పెట్టించాను. సాయంత్రం అది మొదలయ్యాక, ఎవరూ చూడకుండా మేడెక్కి, పిల్ల గదిలో పరదా జరిపి రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. చాలాసేపు పట్టింది.

"వచ్చిందండీ మావయ్యగారూ" అన్నాను.