అత్తయ్య పెట్టిన సంతకం

మా మేనత్త పోయిన కబురు నాకు బంధువులెవరూ చెప్పలేదు. ఆవిడ పొలం కౌలుకు చేసే రైతు పొద్దున్నే ఫోన్ చేశాడు. "బాబుగారూ, మీ అత్తయ్యగారు వెళ్లిపోయారండి" అన్నాడు. నేను గుడివాడ నుంచి గుడ్లవల్లేరు చేరేసరికి, అరుగు కింద నిలబడి ఏడుస్తున్నాడు.

అత్తయ్యకు ఉన్నది మూడెకరాలు. మావయ్య పోయాక కౌలుకిచ్చేసింది. ఇచ్చినా, వారానికోసారి చెప్పులు చేత్తో పట్టుకుని, నల్ల గొడుగు వేసుకుని గట్టు చుట్టూ తిరిగొచ్చేది. ఒక్క సలహా ఇచ్చేది కాదు. "చేసేవాడికి తెలీదా ఏంటి? చూడాలనిపించి వచ్చా" అనేది.

మా వైపు పొలం చేసేది ఒకరు, కాగితాల్లో రైతు ఇంకొకరు. కౌలు కార్డు మీద యజమాని సంతకం పెడితేనే చేసేవాడి పేరున పంట నమోదవుతుంది. పంట పోతే ప్రభుత్వ సాయం అతనికే అందుతుంది. కానీ పెడితే పొలం పోతుందని అందరికీ భయం. ఆ భయం పెంచినవాళ్లలో నేనూ ఒకణ్ని. దస్తావేజులు రాసే పని నాది. తెల్ల కాగితంలోనూ తిరకాసు కనిపిస్తుంది.

ఒక ఏడు చేను మునిగి, మా కౌలు రైతుకి పైసా రాలేదు. "ఈసారీ ఇలాగే అయితే ఇక చెయ్యలేనండి. హైదరాబాదులో వాచ్‌మన్ పని చూసుకుంటా" అంటూ మరుసటేడు కార్డు ఫారం తెచ్చాడు.

"పెట్టకు అత్తయ్యా, రేపు కోర్టుల చుట్టూ తిరగాలి" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఫారం పైకి రెండుసార్లు చదివింది. "పదకొండు నెలలకేనని రాసుంది కదరా. భూమి మీద హక్కు రాదనీ ఉంది. నువ్వు చదవకుండానే భయపడ్డావా?"

నేను నిజంగానే చదవలేదు.

"సంతకం పెడితే సిరా తరుగుద్ది గానీ పొలం తరుగుద్దా?" అని పెట్టేసింది.

ఆ ఏడే కోతల ముందు తుఫాను వచ్చి చేనంతా నీళ్లలో పడుకుంది. చుట్టుపక్కల సాయం చాలావరకు, కార్లలో వచ్చి పంట నమోదుకి వేలిముద్ర వేసి వెళ్లిన యజమానులకే అందింది. మావాడిది మావాడికే అందింది. దాంతో విత్తనాలు తెచ్చుకుని, వానాకాలపు సార్వాకి మళ్లీ మా పొలంలోనే దిగాడు. నాకు సిగ్గేసింది. ఆవిడ మేనల్లుణ్ని అయినందుకు అంతకంటే గర్వంగా ఉంది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా ఆ ఫారం ముందు పైకి చదివిస్తున్నాను.

పెద్దకర్మకి పెట్టడానికి ఫొటో వెతికాం. పాత పెళ్లి ఫొటో ఒకటి దొరికింది. పొలం దగ్గర దిగినది ఒక్కటీ లేదు. అది విని కౌలు రైతు తన ఫోన్ తీశాడు. పంట నమోదుకి వచ్చిన అమ్మాయి తీసిన ఫొటో అది. ఆ రోజు ఆ అమ్మాయి "మీరూ రండమ్మా" అని పిలిస్తే, "నేనెందుకే? బురదలో దిగినవాణ్ని తియ్యి" అని అత్తయ్య పక్కకి తప్పుకుందట.

ఫొటోలో పచ్చటి చేను, మధ్యలో అతనొక్కడే. అతను రెండు వేళ్లతో ఒక మూలని పెద్దది చేశాడు. వరి మీద గుండ్రంగా గొడుగు నీడ.

"ఇదుగోండి అత్తయ్యగారు" అన్నాడు.