మందెయ్యని ప్లేటు

తిరుపతిలో మా ల్యాబులో పీహెచ్‌డీ చేసే అక్క ఏ గొప్ప విన్నా, "మందెయ్యని ప్లేటు యాడ?" అనేది. పుత్తూరు కట్టుతో చెయ్యి అతికిందని ఎవరైనా అంటే, "కట్టు కట్టని చెయ్యి గూడా సూపియ్యబ్బా" అని నవ్వేది. ఈ దేశానికి ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న నేను వినలేదు.

కణాలను అంటిపెట్టి ఉంచే ప్రొటీన్‌ను అడ్డుకునే రసాయనం మీద ఆమె పరిశోధన. ఫలితం రాకపోతే థీసిస్ లేదు. గడువు ఆ నెలతో సరి.

ఆ రోజు ఆ మందు వేసిన ప్లేటులో, అడుగుకు అంటి పెరిగే కణాలన్నీ ఊడి తేలాయి. మేం చప్పట్లు కొట్టాం. అక్క మాత్రం రెండో ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టింది. అందులో మందు లేదు, దాన్ని కరిగించే ద్రావకం ఒక్కటే ఉంది. అక్కడా కణాలు తేలుతున్నాయి. అంటే ఊడదీసింది మందేనని చెప్పలేం.

"దాని సంగతి ఎవురడగతారమ్మా?" అన్నారు గైడు మెల్లగా.

"నేనడగతా ఉండా కద సార్," అంది, మైక్రోస్కోపు నుంచి కన్ను తీయకుండానే.