ల్యాప్‌టాప్‌ని మిరపకల్లంలో ఆరబెట్టిన అల్లుడు

నాకు రాయడం అలవాటు లేదండీ. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. కానీ కొత్త అల్లుడి పరువు ఒక్క పూటలో ఎట్లా గంగలో కలుస్తుందో మాత్రం నాకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

అప్పుడు నేను నందిగామలో బోరు మోటార్లకు వైండింగు కట్టేవాణ్ణి. పెళ్లయి రెండు నెలలు. ఓ ఆదివారం మా ఆవిడ పద్మతో పెనుగంచిప్రోలు అత్తగారింటికి వెళ్లాను. వెళ్లేసరికి బావమరిది శ్రీను వాకిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. వాడు విజయవాడలో ఇంజనీరింగు ఆఖరి ఏడాది. ఎవరి దగ్గరో కొన్న పాత ల్యాప్‌టాప్ మీద టీ ఒలకబోసుకున్నాడట. అది కాస్తా మూగబోయింది.

"రేపు పొద్దున్నే సార్లకి ప్రాజెక్టు చూపించాల బావా. మొత్తం దీంట్లోనే ఉంది. చూపించకపోతే ఏడాది పోయినట్టే."

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. లోపల్నుంచి గారెల వాసన, పక్కన కొత్త పెళ్లాం. నోరు దానంతటదే లేచింది.

"పది హార్స్‌పవర్ మోటారు విప్పేవాణ్ణి రా. ఇదెంత, పలక అంత."

"ఏవండీ, మీరు ల్యాప్‌టాప్ ఎప్పుడన్నా విప్పారా?" అంది పద్మ మెల్లిగా.

"మొదటి మోటారు విప్పేదాకా, మోటారు కూడా ఎప్పుడూ విప్పలేదు కదే."

విప్పాను. ఆవగింజలంత స్క్రూలు. పెట్రోలులో ముంచిన బ్రష్షుతో టీ మరకలన్నీ తుడిచాను. ఇక ఆరాలి. తడిసిన మోటారుని మేమేం చేస్తాం? ఎండలో పెడతాం. ఆ ఇంట్లో ఎండ బాగా తగిలే చోటు ఒక్కటే, పెరటి వెనక మిరపకాయలు ఆరబోసిన కల్లం. ఓ మూల తువ్వాలు పరిచి, ముక్కలన్నీ అప్పడాల్లా వరసగా పేర్చి, గారెలు తిని ఓ కునుకు తీశాను.

లేచి వెళ్లేసరికి అత్తగారు కాళ్లతో మిరపకాయలు తిరగేస్తున్నారు. గాలి సరిగ్గా నా తువ్వాలు వైపే వీస్తోంది.

"బాబూ, మీ సామాను కూడా తిరగెయ్యమంటారా? ఒకవైపే ఎండింది" అన్నారావిడ.

"అక్కర్లేదండి" అని ముక్కలు ఏరుకుని, దులిపి, బిగించాను. స్విచ్ నొక్కితే, నమ్మండి, వెలిగింది. శ్రీను నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. "అల్లుడంటే నువ్వయ్యా" అంటూ మామగారు వచ్చి, గాలి వదిలే సందు దగ్గర మొహం పెట్టి చూస్తున్నారు. అంతలో లోపలి ఫ్యాన్ తిరిగింది.

మామగారు తుమ్మారు. ఒకటి, రెండు, ఏడు. పద్మ తుమ్మింది. కొట్టంలో గేదె తుమ్మింది.

"ఏం పెట్టావయ్యా లోపల?" అన్నారు మామగారు కళ్లు ఒత్తుకుంటూ.

"ఏం లేదండి, కాస్త దుమ్ము. నాలుగుసార్లు తిరిగితే పోద్ది."

పోలేదు. మళ్లీ విప్పుతానంటే శ్రీను ల్యాప్‌టాప్‌ని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని జగ్గయ్యపేట ఆటో ఎక్కేశాడు, అక్కణ్ణుంచి విజయవాడ బస్సుకి.

మర్నాడు షాపులో తీగ చుడుతున్నానే గానీ చుట్ల లెక్క మాటిమాటికీ తప్పుతోంది. వాడి ఏడాది పోతే పద్మ మొహం ఎట్లా చూడాలి? మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"బావా, పాసయ్యా. ఒక్క ప్రశ్న కూడా అడగలా."

"అంత బాగా చెప్పావా?"

"నన్నెక్కడ చెప్పనిచ్చారు. తెరవగానే ఫ్యాన్ తిరిగింది. ముగ్గురు సార్లూ తుమ్ముకుంటా, ఏడ్చుకుంటా, 'చాల్లే నాయనా, అంతా బాగుంది, ముందది మూసెయ్' అన్నారు."

నా పరువు తిరిగొచ్చిందనుకున్నాను. ఆ వచ్చే ఆదివారం అత్తగారింటికి వెళ్తే, వాకిట్లో శ్రీనుతో పాటు వాడి క్లాసువాళ్లు ఇద్దరు. ఇద్దరి ఒళ్లోనూ ల్యాప్‌టాప్‌లు.

"వీళ్లు ఎల్లుండి చూపించాలంట బావా. ఇయ్యి కూడా ఓ పూట కల్లంలో ఆరబెట్టియ్యి. కాస్త ఘాటుగా."

అప్పుడే, సూర్యభగవానుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నానండీ. ఈ జన్మలో ల్యాప్‌టాప్ విప్పను. విప్పినా ఎండబెట్టను. తప్పక ఎండబెట్టాల్సొస్తే, పసుపు కొమ్ముల పక్కనే.