మహాలక్ష్మమ్మ ముట్టని పులస

మహాలక్ష్మమ్మ అమ్మేది ఏటి పులస కాదనీ, సముద్రం నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన విలస అనీ, అందుకే తను మాత్రం నోట పెట్టదనీ ఆ ఏడు శ్రావణంలో ధవళేశ్వరమంతా ఒక మాట తిరిగింది. అందులో నిజం గోరంత. ఆవిడ పులస తినదు, అంతే. మిగతాదంతా ఏటా ఆవిడ దగ్గరే చేప కొనే రత్తమ్మగారి నోట పెరిగింది. అందుకే సరిదిద్దే భారమూ రత్తమ్మగారి మీదే పడింది.

జరిగిందేమంటే, మర్నాటికి చేప చెప్పి వద్దామని ఓ మధ్యాహ్నం రత్తమ్మగారు ఆ ఇంటికి వెళ్లారు. దాకలో పులస పులుసు కమ్మగా ఉడికి ఉంది. మహాలక్ష్మమ్మ మొగుడు చినబాబుకి వడ్డించి, తను మాగాయతో కలుపుకుంది.

"అదేంటే, పులస పెట్టుకుని మాగాయేంటి?"

మహాలక్ష్మమ్మ నవ్వి, ముద్ద నోట పెట్టుకుంది. ఆ నవ్వుకి అర్థం దొరక్క రత్తమ్మగారికి అన్నం సయించలేదు. సాయంత్రానికి తనే ఓ అర్థం అల్లి పక్కింటి బుల్లెమ్మకి చెప్పారు. బుల్లెమ్మకి చెప్పడమంటే దండోరా వేయించడమే.

వారం తిరిగేసరికి మహాలక్ష్మమ్మ గంప నిండుగా వెళ్లి నిండుగా తిరిగొచ్చింది. బేరానికి వచ్చినవాళ్లు మొప్పలెత్తి చూసి, "నువ్వు తిను, మేం కొంటాం" అని ఎకసెక్కాలాడారు. ఆ ఇంటికి ఏడాదంతా గడిచేది ఈ రెండు నెలలు గోదారి ఎర్రనీటికి ఎదురొచ్చే పులసని రేవులో కొని అమ్మిన డబ్బుల మీదే. ఒక్క ముక్క నోట పెట్టి చూపిస్తే ఆ మాట పోయేది. పెట్టలేదు. "ఏటి చేపేనండి, ఆయ్" అనడం తప్ప మరో మాట లేదు.

ఆ సంగతి రత్తమ్మగారి చెవిన పడింది. తెల్లవారగానే ఆ ఇంటికి వెళ్లారు. పెరట్లో చినబాబు దూలం మీదుగా తాడు వేసి, చివర నీళ్లడబ్బా కట్టి కుడిచేత్తో లాగుతున్నాడు. ఆరేళ్ల కిందట వరదలో రెండు పడవల మధ్య నలిగిన చెయ్యి అది. డబ్బా జానెడు లేచి దిగిపోతోంది.

"మీ ఆవిడ పులస ఎందుకు తినదయ్యా?"

"అది చెప్పదండి. మొక్కు బయట పెడితే ఫలం పోద్దంట. మొక్కింది నేను కాదుగా, నేను చెప్తా. ఈ చేత్తో నేను వల లాగి పులస తెచ్చేదాకా తను ముట్టనని కోరుకొండ నరసింహస్వామికి మొక్కిందండి. నేను పక్కనే ఉన్నా."

"నీ నోటికి వాతలెట్టాల!" అంటూ మహాలక్ష్మమ్మ లోపలి నుంచి వచ్చింది.

రత్తమ్మగారు అరుగు మీద కూర్చున్నారు. "ఆ మాట పుట్టించింది నేనేనే."

"తెలుసండి. బుల్లెమ్మగారు మీ పేరు చెప్పే మరీ చెప్పారండి."

"ఇవాళ బజార్లో నీ గంప పక్కనే నిలబడి నా తప్పు నేనే చెప్తాను" అన్నారు రత్తమ్మగారు. అని లేవబోయి కూడా, అడక్కుండా ఉండలేకపోయారు.

"ఆరేళ్లయిందే మహాలక్ష్మీ. నోరు కట్టుకున్నావు, ఊరి చేత మాటలు పడ్డావు. స్వామి ఇంకా పలకలేదు. వస్తాడనే కూర్చున్నావా?"

మహాలక్ష్మమ్మ నీళ్లడబ్బా వంక చూసింది.

"కోరుకొండ మెట్లు మీరూ ఎక్కారు గదండి. ఎన్నున్నాయో, ఎంత నిటారో మీకు తెలుసు. స్వామి పైనుంచి రావాలన్నా అవే మెట్లు. మొదట్లో ఈయన వేళ్లే కదిలేవి కాదు, ఇప్పుడు డబ్బా జానెడు లేస్తంది. దిగుతున్నాడండి."