బొంత వెనకాల ట్రంకాల్

ఎనభైల మొదట్లో నేను ఆదోని టెలిఫోన్ ఆఫీసులో ట్రంకాల్ ఆపరేటర్‌ని. మాది ఎమ్మిగనూరు. రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం బస్సులో ఇల్లు చేరేదాన్ని. జనం మాట్లాడుకోవడానికి ముందు హాల్లో ఒకే ఒక్క ఫోన్ ఉండేది. లోపలి గదిలోంచి నేను లైను కలిపితే బయట వాళ్ళు మాట్లాడేవారు. మాట్లాడేవారు అనడం నా మర్యాద. అరిచేవారు! ఊరెంత దూరమో గొంతు అంత పెద్దది.

సరే, అరుపుతో ఆగుతుందా? అవతలి మాట సరిగ్గా వినపడకపోతే బెంచీ మీదున్న వాళ్ళంతా లేచి వచ్చేవారు. "ఏమంటాండాడప్పా?" అని ఒకరు, "ఇట్లియ్యి, నేనడుగుతా" అని ఇంకొకరు. గొంతున్నవాడు రిసీవర్ లాక్కుని ఊరూపేరూ తెలియని వాళ్ళ సంసారం తనే మాట్లాడేసేవాడు. పాపం, చెడ్డబుద్ధి కాదు. అదొక సాయం అనుకునేవారు. ఒకసారి ఒక రైతు కూతురి కాన్పు సంగతి కనుక్కోవడానికి బళ్ళారికి ఫోన్ చేశాడు. ఆయన పత్తి మార్కెట్టుకు తిరిగి వెళ్ళేసరికి, మనవరాలు పుట్టిందటగా అని హమాలీలు ఆయన్నే టీ అడిగారు. ఆ కథ విని నేనూ నవ్వాను.

నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక శుక్రవారం ఒకామె నా కిటికీ దగ్గరికి వచ్చింది. ముస్లిం పిల్ల, పాతికేళ్ళుంటాయేమో. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పని చేసేది. నంబరు చెప్పబోయి, వెనక్కి చూసి, నోరు మూసుకుంది.

"ఏమ్మా, నంబరు సెప్పు."

"వద్దులే అక్కా. మళ్ళొస్తా."

కళ్ళనిండా నీళ్ళు. నాకు మనసొప్పలేదు. పక్క తలుపు తీసి లోపలికి పిలిచాను. అప్పుడు చెప్పింది. నాలుగు నెలలు టీబీ ఆసుపత్రిలో ఉండి వచ్చిందట. మిల్లులో అమ్మగారింటికి పోయినానని చెప్పిందట. చివరి కఫం పరీక్ష ఏమైందో ఇవాళ ఫోన్‌లో చెబుతామన్నారట. తగ్గిందంటే వచ్చే వారం నుంచి పనికి పోతుంది. లేదంటే పిల్లలను తన తల్లి దగ్గర వదిలి మళ్ళీ ఆసుపత్రికే.

"ఉత్తరం రాయమనలేకపోయినావా?"

"ఉత్తరమొస్తే మేం బాడుగకుండే ఇంటామె సేతికే వస్తాది అక్కా. సదివించుకోకుండా ఇయ్యదు. ఆమే ఆడ బెంచీ మీద కూర్చోనుంది సూడు. టీబీ అన్న మాట ఇనిందంటే రేపే సామాను బయటేస్తాది. మిల్లులో గూడా రానియ్యరు."

చూశాను. బెంచీ మధ్యలో, ఒళ్ళో తమలపాకుల సంచి పెట్టుకుని ఆ ఇంటామె కూర్చుని ఉంది. ప్రతి శుక్రవారం బొంబాయి నుంచి కొడుకు ఫోన్ కోసం వచ్చేది. తన ఫోన్ రాకముందు, వచ్చాక కూడా అందరి ఫోన్లూ వినిపోయేది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లను సోమవారం పొద్దున్నే రమ్మని, మా సూపర్‌వైజరు దగ్గరికి పోయాను. ఫోన్‌ని పక్కనున్న పాత సామాన్ల గదిలోకి మార్చాలి, తలుపేసుకుని ఒక్కరే మాట్లాడాలి అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అట్లా రూలు యాడుందమ్మా?"

"ఉంది సార్. విన్నది బయట సెప్పబోమని ఉద్యోగంలో చేరేటప్పుడు మీరూ సంతకం చేసినారు, నేనూ చేసినా. ఆ బెంచీ చేసిందా?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "కుండ మూతికి మూకుడు పెడతాం గానీ ఊరి మూతికి యాడ పెడతావు?" అని నవ్వి, "నీ నోటికో దండం. చేసుకోపో" అన్నాడు.

శనివారం లైన్‌మన్ అన్న వైరు లాగాడు. గదికి తలుపైతే ఉంది గానీ, సందుల్లోంచి అరుపు బయటికి వస్తూనే ఉంది. ఇంట్లో మా అమ్మ కుట్టిన లావు బొంత ఉంటే, సోమవారం బస్సు మీదేసి తెచ్చి తలుపుకు లోపలివైపు మేకులు కొట్టి వేలాడదీశాం. "కాపురానికి పోతాండావా పాపా, పరుపుతో?" అని కండక్టరు ఎగతాళి చేశాడు.

హాల్లో గోల మొదలైంది. ఇంటామె ఆ రోజే ఎందుకొచ్చిందో, అందరికంటే ముందు ఆమే లేచింది. "మేమినగూడని మాటలేముంటాయి లోపల? దొంగమాటలా?"

"దొంగమాటలు కాదమ్మా, ఎవురి మాటలు వాళ్ళవి. నీ కొడుకు ఫోనొస్తే నువ్వూ పో లోపలికి. కోడలి మీద తీరిగ్గా సెప్పుకో, ఎవురూ ఇనరు" అన్నాను.

హాలంతా గొల్లున నవ్వింది. ఆమె కూర్చుంది.

ఆ పిల్ల వచ్చింది. లోపలికి పోయి తలుపేసుకుంది. లైను కలిపాను. అవతల "హలో, ఆసుపత్రి" అన్నారు. మేం తలుచుకుంటే ప్రతి మాటా వినగలం. మీట నొక్కి ఉంచితే చాలు. నాకూ వినాలని మనసు పీకింది, అబద్ధమెందుకు. మీట వదిలేసి, హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేశాను. హాల్లో అందరూ చెవులు రిక్కించారు. ఒక్క ముక్క బయటికి రాలేదు. అబ్బ! ఆ నిశ్శబ్దం విని నాకెంత గర్వమో!

ఆ పిల్ల చెమటతో తడిసి ముద్దయి బయటికి వచ్చింది. బెంచీ అంతా ఒక్క గొంతుతో, "ఏమంట?" అంది.

"మాట్లాడినా" అంది ఆ పిల్ల. తలెత్తుకుని ఇంటామె ముందునుంచే నడిచి పోయింది.

అర్ధగంటకు మళ్ళీ వచ్చి నా కిటికీలోంచి పొట్లం తోసింది. విప్పితే వేడి వేడి జిలేబీ.

"ఏమిటికే ఇది?"

"తిను అక్కా. అడగొద్దు."

అడగలేదు. తిన్నాను.